వదిన అడగని క్షమాపణ

మా ఇంట్లో ఎవరైనా దగ్గితే ఇప్పటికీ మిగతావాళ్ళం చేస్తున్న పని ఆపేస్తాం. దగ్గు ఆగిందా, మళ్ళీ వస్తోందా అని వింటాం. ఆగితే ఎవరి పని వాళ్ళు మొదలుపెడతాం. ఇలా వింటున్నామని ఒకరితో ఒకరం అనుకోం. మా ముగ్గురిలో ఇప్పుడు ఎవరికీ జబ్బు లేదని డాక్టరుగారు చెప్పారు. నేను నమ్ముతున్నాను. అయినా చెవి వింటూనే ఉంటుంది.

మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతుంటారు, అంత చేసిన మనిషిని ఎట్టా క్షమించావు సుందరమ్మా అని. ప్రార్థన చేసుకున్నాను అని చెప్పి ఊరుకునేదాన్ని. అది నిజమే గానీ అంత తేలిగ్గా జరిగింది కాదు. ఈ క్షయ జబ్బుతో మంచం పట్టినవాళ్ళకీ, మంచం పక్కన నిలబడ్డవాళ్ళకీ పనికొస్తుందేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాస్తే నా గుండె కూడా కాస్త కుదుటపడుతుందని ఒక ఆశ.

1966, వానాకాలం

మా ఆయన దేవదానం తెనాలి రైల్వే గూడ్స్ షెడ్డులో సరుకు ఎత్తి దించే కళాసీ. స్టేషను అవతల ఒక పెంకుటింట్లో సగం వాటా మాది. మా పాప నిర్మలకి అప్పుడు రెండో ఏడు నడుస్తోంది.

ఆ వానల్లో నాకు సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది. పొద్దున్నకి తగ్గేది. జాకెట్లు వదులయ్యాయి. దగ్గు మాత్రం సన్నగా, విడవకుండా ఉండేది. తడిసి ఉంటావులే అన్నారు ఆయన. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు పొద్దున పెరట్లో అంట్లు తోముతూ దగ్గాను. ముందున్న బూడిద మీద ఎర్రగా పడింది. నేను ముందు చేసిన పని ఏంటంటే, ఇంకాస్త బూడిద తీసి దాని మీద కప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మళ్ళీ పడింది. అప్పుడు చెప్పాను.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నిర్మల నా ఒళ్ళో నిద్రపోతోంది. డాక్టరుగారు నన్ను చూడకముందే పిల్లని చూశారు.

"పాలిస్తున్నావా?"

"మాన్పించేశానండి."

"ఈ రోజే ఈ పిల్లని వేరే ఇంటికి పంపించెయ్యమ్మా. రేపు కాదు, ఈ రోజే."

పిల్లని ఎక్కడికి పంపాలో ఆలోచించే పని లేకపోయింది. మా ఆయనకి తోడబుట్టింది ఒక్క అక్కే. రాహేలమ్మగారు, నాకు వదిన. రేపల్లెలో మిషను బడిలో పంతులమ్మ. పెళ్ళైన కొద్దికాలానికే భర్త పోయారు, పిల్లలు లేరు. కబురందిన సాయంత్రమే రేపల్లె పాసింజరు దిగి వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది, లోపలికి రాలేదు.

"ముద్దు పెట్టుకోవద్దు సుందరీ. అలాగే ఇచ్చెయ్," అంది.

ఆవిడ అన్నది సరైన మాటే. అది నాకు అప్పుడూ తెలుసు. పిల్లని అలాగే ఇచ్చేశాను.

1966 నుంచి 1968 దాకా

నన్ను చేర్చిన ఆసుపత్రి బాపట్ల ఊరు దాటాక ఇసుక నేలలో, సరుగుడు తోపు పక్కన ఉండేది. ఆ తోపులో గాలి ఎప్పుడూ ఆగేది కాదు. ఎవరో దూరంగా ఊపిరి పీలుస్తున్నట్టు ఉండేది. వార్డులో మేమందరం ఆ చప్పుడు వింటూ పడుకునేవాళ్ళం. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని సముద్రం అనుకునేవాళ్ళు.

నా పక్క మంచం ఖాసింబీది. తెనాలిలో వాళ్ళాయన టైలరు. వయసులో నాకంటే బాగా పెద్దది. నేను లేవలేని రోజుల్లో నా తల తనే దువ్వి జడ వేసేది.

"నీకెందుకమ్మా శ్రమ," అంటే, "నా కూతుళ్ళకి వేసి వేసి అలవాటైపోయింది అమ్మాయ్. చేతులు ఊరికే ఉండవు," అనేది.

ఒకరోజు మధ్యాహ్నం నాకు ఎక్స్‌రే తీయించి తీసుకొచ్చేసరికి ఖాసింబీ మంచం ఖాళీగా ఉంది. పరుపు బయట ఎండలో వేశారు. పరుపు ఎండలో వేశారంటే ఏంటో ఆ వార్డులో అందరికీ తెలుసు. చాలా రోజులు జడ వేసుకోలేదు.

మా ఆయన ఆదివారాలు వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ నేను అడిగే మొదటి మాట ఒకటే.

"పాప నా గురించి అడుగుతోందా?"

"అడుగుతోంది," అనేవారు, కిటికీలోంచి తోపు వైపు చూస్తూ.

"ఒకసారి తీసుకురండి. దూరం నుంచే చూస్తాను."

"అక్క వద్దంటోంది. ఈ గాలి మంచిది కాదంటోంది."

నెలలు గడిచేకొద్దీ ఆయన తోపు వైపు చూడటం ఎక్కువైంది. ఏదో దాస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. పిల్లకి ఏమన్నా అయిందేమోనని భయపడ్డాను. ఆ భయంతో అన్నం దిగేది కాదు. దాస్తున్నది ఇంకేదో అయి ఉంటుందని నాకు తోచలేదు.

1968, వేసవి

జబ్బు నెమ్మదించిందని నన్ను ఇంటికి పంపారు. తెనాలిలో దిగగానే రేపల్లె వెళ్దామన్నాను. ముందు ఇంటికి పోదాం, ఒక రోజు ఆగి వెళ్దాం అని ఆయన నసిగారు. నేను వినలేదు.

వదిన ఇంటి అరుగు మీద నిర్మల కూర్చుని పలక మీద గీతలు గీస్తోంది. నాలుగో ఏడు నడుస్తోంది. నా ముక్కు, ఆయన నుదురు. నేను అరుగు కింద నిలబడే మాట్లాడాను.

"నీ పేరేంటమ్మా?"

"నిర్మల."

"మీ అమ్మేది?"

"బడికెళ్ళింది."

"నేను నీ అమ్మని రా," అన్నాను.

నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఆ అమ్మ చచ్చిపోయింది. బాపట్లలో," అంది. ఊరి పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ తర్వాత నేను ఏడవటం చూసి భయపడి లోపలికి పరుగెత్తింది.

నేను మా ఆయన వైపు తిరిగాను. "మీకు తెలుసా?"

ఆయన తలెత్తలేదు.

బడి నుంచి వచ్చిన వదిన నన్ను చూసి గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత మామూలుగానే లోపలికి వచ్చి చేతిసంచి మేకుకి తగిలించింది.

"ఏం చెప్పమంటావు సుందరీ? పొద్దస్తమానం గుమ్మంలో కూర్చుని నీ కోసం ఏడ్చేది. ముద్ద ముట్టేది కాదు. పోయిందని చెప్పాక కొన్నాళ్ళు ఏడ్చి ఊరుకుంది. నువ్వు తిరిగొస్తావని ఎవరనుకున్నారు?"

"నేననుకున్నాను వదినా," అన్నాను.

పాపని తెనాలి తీసుకొచ్చాం. అన్నం తినలేదు. గోడ వైపు తిరిగి పడుకునేది. నేను గదిలోకి వస్తే కళ్ళు గట్టిగా మూసుకునేది. చచ్చిపోయిన మనిషి ఇంట్లో తిరుగుతుంటే ఆ పసిది మాత్రం ఏం చేస్తుంది? జ్వరం పట్టుకుంది. చివరికి ఆయనే రేపల్లె తీసుకెళ్ళి దించి వచ్చారు. పండగలకీ సెలవులకీ వచ్చేది. పోను పోను భయం తగ్గింది గానీ, నన్ను 'తెనాలి అమ్మా' అని పిలిచేది. ఉత్త 'అమ్మ' వదినకే.

ఆ ఏడు నుంచి నేను ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళడం మానేశాను. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం ప్రసంగం అవగానే లేచి బయటికి వచ్చేసేదాన్ని. చిన్న సంఘం, అందరూ చూసేవాళ్ళు. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరితో కలిసి చెబుతూ, ఇతరుల తప్పులు క్షమించే చోటికి వచ్చేసరికి నోరు మూసుకునేదాన్ని.

ఒకసారి పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చారు.

"బల్లకి రావట్లేదేంటమ్మా?"

"దేవుడి ముందు అబద్ధం ఆడలేనండి."

ఎవరి గురించో ఆయనకి తెలుసు. "క్షమించానని మనసుకి అనిపించాక వద్దామని కూర్చుంటే ఎప్పటికీ రాలేవమ్మా. అనిపించడం తర్వాతి సంగతి. ముందు వదిలెయ్యాలని నిర్ణయం చేసుకో. దానికి కావలసిన బలం నీ దగ్గర ఉండదు, నా దగ్గరా ఉండదు. అడుక్కోవాలి."

"ఆవిడ తప్పు చేశానని ఒప్పుకోనే లేదండి అయ్యగారూ."

"ఆవిడ ఒప్పుకునేదాకా ఆగుతానంటే, అందాకా నువ్వు ఆవిడ గుప్పిట్లో ఉన్నట్టే కదమ్మా."

నాకు కోపం వచ్చింది. కాఫీ అయినా ఇవ్వకుండా పంపించాను.

1971

దసరా ముందు మళ్ళీ నెత్తురు పడింది.

మొదటిసారి నాకు జబ్బంటే ఏంటో తెలీదు. ఈసారి అన్నీ తెలుసు. అదే ఆసుపత్రి, అదే తోపు, అదే గాలి. మొదటిసారి పనిచేసిన మందు ఈసారి పనిచెయ్యకపోవచ్చని సిస్టరమ్మలు మాట్లాడుకోవడం విన్నాను. డాక్టరుగారు నా మంచం దగ్గర ఆగినప్పుడు ఇదివరకులా నవ్వేవారు కాదు.

అప్పుడు నా మనసులో తిరిగిన మాట ఒకటే. నేను చస్తే వదిన చెప్పింది నిజమైపోతుంది. నా పిల్లకి చిన్నప్పుడే చెప్పి పెట్టిన చావు, నా కోసం ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చున్నట్టు అనిపించేది. చావకూడదని పంతం పట్టాను. ఆ పంతం మీదే కొన్ని వారాలు గంజి తాగాను, సూదులు పొడిపించుకున్నాను. కానీ ఆ పంతం నన్ను తినడం కూడా మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుంటే వదిన మొహం. ప్రార్థనకి చేతులు జోడిస్తే వదిన మొహం. దేవుడా అని మొదలుపెట్టి చివరికి ఆవిడతోనే వాదించుకుంటూ ఉండేదాన్ని. నాలో ఉన్న కాస్త ఊపిరీ ఆ వాదనకే ఖర్చైపోతోందని ఒకరోజు పొద్దున అర్థమైంది. అయ్యగారి మాట గుర్తొచ్చింది. ఆ రోజు మొదటిసారి, దేవుడా ఆవిణ్ణి నేను వదలలేను, నా చేత వదిలించు అని అడిగాను.

తర్వాతి ఆదివారం మా ఆయనతో చెప్పాను, వదినని తీసుకురమ్మని. ఆయన భయపడ్డారు. "ఇక్కడ గొడవ పెట్టుకోకు సుందరీ, నీకు మంచిది కాదు," అన్నారు. గొడవ కాదన్నాను.

వదిన వచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీ పక్కన నిలబడింది. అటు చూసీ ఇటు చూసీ, "ఏంటి పిలిచావట," అంది.

"నిర్మలకి నేను చచ్చిపోయానని చెప్పారు కదా వదినా. ఆ విషయంలో మిమ్మల్ని క్షమించాను. అది చెబుదామనే పిలిచాను."

ఆవిడ మొహం బిగుసుకుపోయింది. "నేనడగలేదే," అంది.

"అవునండి. అడగలేదు."

"నేను తప్పు చేశాననుకోవట్లేదు. నేను తీసుకెళ్ళకపోతే ఆ పిల్ల కూడా ఇవాళ ఇక్కడే పడుకుని ఉండేది."

"తీసుకెళ్ళినందుకు నాకు కోపం లేదండి. ఎప్పుడూ లేదు."

వదిన చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. వెళ్ళాక నాకు ఏ సంతోషమూ కలగలేదు. సాయంత్రానికి కోపం మళ్ళీ వచ్చింది, అంత మాట అంటుందా అని. మర్నాడు పొద్దున మళ్ళీ మొదటి నుంచి వదులుకోవాల్సి వచ్చింది. ఆ మర్నాడూ అంతే. అలా ఎన్నాళ్ళు చేశానో లెక్క లేదు. ఒకరోజు గాలి చప్పుడు వింటూ పడుకుని, చాలాసేపు నిర్మల గురించే ఆలోచించానని, అందులో వదిన లేదని గమనించాను.

క్షమిస్తే నా ఊపిరితిత్తులు బాగుపడ్డాయని నేను ఎవరికీ చెప్పను. కొత్త మందులు బాగుచేశాయి. అలా చెప్పి ఎవరి చేతా మందులు మాన్పించే పాపం నాకొద్దు. కానీ ఆ మందులు మింగుతూ బతకడానికి కావలసిన నెమ్మది నాకు అక్కడి నుంచి వచ్చింది. ఇంటికి వచ్చాక మొదటి బల్ల ఆదివారం నేను లేచి బయటికి రాలేదు.

1974

వేసవి సెలవులకి నిర్మల వచ్చింది. పదో ఏడు. సాయంత్రం పూట అరుగు మీద ముడుచుకుని కూర్చునేది. ఆడుకోవే అంటే అలసటగా ఉంది అనేది. ఒకరోజు నుదుటి మీద చెయ్యి వేశాను. ఆ వెచ్చదనం నాకు కొత్తది కాదు. చెయ్యి తియ్యాలంటే భయమేసింది.

తెనాలిలో ఎక్స్‌రే తీయించాం. కబురు తెలిసి వదిన రేపల్లె నుంచి వచ్చింది. అందరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. డాక్టరుగారు పిలిచి ఊపిరితిత్తిలో మచ్చ ఉందన్నారు. "ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"నాకు ఉండేదండి," అన్నాను.

బయటికి వచ్చాక వదిన అంత మందిలో గట్టిగానే అంది. "దూరంగా ఉంచమని మొత్తుకున్నానా లేదా? ఇప్పుడేమైంది?"

నా పిల్లని నేనే చంపుకుంటున్నానని ఆ రోజంతా అనుకున్నాను.

నాకు పరీక్షలు చేశారు. ఏమీ లేదు, పాత మచ్చలు తప్ప. అప్పుడు డాక్టరుగారు పిల్ల ఎవరి దగ్గర పెరుగుతోందని అడిగారు. వదినని పిలిచారు. ఆవిడ కొంతకాలంగా ఆయాసంతో బాధపడుతోంది. ఉబ్బసం అని ఏవో మందులు వాడుతోంది. పరీక్ష చేయిస్తే ఆవిడకీ ఇదే జబ్బని బయటపడింది. ఎన్నాళ్ళ నుంచో ఉందట, చప్పుడు లేకుండా.

"పిల్లకి మీ దగ్గర్నుంచే వచ్చి ఉండొచ్చమ్మా," అన్నారాయన, మెల్లగా.

మళ్ళీ అదే బల్ల మీద కూర్చున్నాం, నేనూ వదినా. మా ఆయన పాపకి సోడా కొనిపెట్టడానికి వెళ్ళారు. వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది. నా నాలుక చివర దాకా ఒక మాట వచ్చింది. దేని నుంచి కాపాడతానని నా బిడ్డని నా నుంచి తీసుకెళ్ళావో, అదే నువ్వు దానికి ఇచ్చావు. ఆ ఒక్క మాట చాలు, ఆవిడ అక్కడే కూలిపోయేది. అనడానికి నాకు హక్కు ఉందని కూడా అనిపించింది. మూడేళ్ళుగా రోజూ వదులుకుంటూ వచ్చిందంతా ఒక్కసారిగా నా చేతిలోకి తిరిగి వచ్చేసింది. ఆవిడకి ఎవరి నుంచి వచ్చిందో? నా నుంచే వచ్చిందేమో. అది నేను డాక్టరుగారిని అడగలేదు, ఇప్పటికీ తెలీదు.

"ఇంకా ఊరుకున్నావేం? అను," అంది వదిన.

నేను లోపల్లోపల దేవుణ్ణి పిలుచుకున్నాను. అప్పుడు మాట వచ్చింది.

"ఈ జబ్బు మాత్రలు పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది వదినా. ఏదన్నా కాస్త తిని వేసుకోండి."

ఆవిడ నా వైపు చూసి, కొంగు మొహానికి కప్పుకుంది.

1974 నుంచి 1975 దాకా

నిర్మలకి ఇంట్లోనే వైద్యం. త్వరగా పట్టుకోవడం వల్ల మందులకి లొంగింది. వదినని మాత్రం బాపట్లలో చేర్చాల్సి వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక నేను వెళ్ళేదాన్ని. పాపని తీసుకెళ్తుంటే మా ఆయన వద్దనేవారు. లోపలికి తీసుకెళ్ళనని చెప్పి, కిటికీ బయట ఇసుకలో నిలబెట్టేదాన్ని. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. ఏం తిన్నావు, బడికి ఎప్పటినుంచి పంపిస్తారట, ఇవే మాటలు.

ఒక ఆదివారం వదిన కిటికీ చువ్వలు పట్టుకుని, "నిర్మలా, మీ అమ్మ చచ్చిపోయిందని నీకు చెప్పింది నేనే. అది అబద్ధమని తెలిసే చెప్పాను. నువ్వు నన్ను వదిలి పోకూడదని చెప్పాను. ఏడుపు మానతావని కాదు," అంది.

నిర్మల కాలి వేలితో ఇసుక గీస్తూ నిలబడింది. ఏమీ అనలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అత్తని క్షమించమని నేను దానికి చెప్పలేదు. ఒకరు చెబితే అయ్యే పని కాదది.

వానలు మొదలయ్యాక వదిన లేవలేకపోయింది. నేను పక్కన కూర్చుని నోరు తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"అప్పుడు నువ్వు క్షమించానంటే నేనడగలేదన్నాను."

"గుర్తుందండి."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"అది ఎప్పుడో ఇచ్చేశాను వదినా."

"ఇంకోసారి ఇవ్వు," అంది.

ఇచ్చాను. ఈసారి ఆవిడ పేరు పెట్టి, దేవుడి ముందు, గట్టిగా చెప్పాను. పక్క మంచాల వాళ్ళు కూడా విన్నారు. ఈసారి నాకు ఏమీ కష్టం అనిపించలేదు.

అదే వారంలో స్టేషనుకి కబురు వచ్చింది. మా ఆయన షెడ్డు నుంచి వచ్చి గుమ్మంలో కూలబడ్డారు. పాపకి ఎవరో ఒకరు చెప్పాలి. నేనే దాన్ని దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"నిర్మలా, అత్త చనిపోయింది తల్లీ."

నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"అబద్ధం," అంది.

"నిజమమ్మా."

"అయితే నాకు చూపించు."

"చిన్నపిల్లని అక్కడికెందుకు, వద్దు," అన్నారు మా ఆయన.

"రానివ్వండి. దాన్ని చూడనివ్వాలి," అన్నాను.

మొదటి బండికే బాపట్ల వెళ్ళాం. దారంతా వాన. ఆవిణ్ణి ఒక గదిలో దుప్పటి కప్పి ఉంచారు. సిస్టరమ్మ మొహం మీంచి దుప్పటి తీసింది. నిర్మల గుమ్మంలో ఆగి, మెల్లగా దగ్గరికి వెళ్ళింది. ఏడవలేదు. ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి ఉంచింది, జ్వరం చూసేవాళ్ళు పెట్టినట్టు. తర్వాత చెయ్యి తీసి, దుప్పటి తనే సర్ది, నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు నిజమే చెప్పావు," అంది.